తాబేలు ఒంట్లో పాదరసం: తిండి దగ్గర నుంచి లెక్క కట్టడం ఎలా

జనవరి వచ్చిందంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఏదో ఒక ఒడ్డుకి చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లు కొట్టుకొస్తాయి. ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. కింద ఎవరో ఒకరు "అంతా కాలుష్యం వల్లే" అని రాస్తారు. జువాలజీయో మెరైన్ బయాలజీయో చదివేవాళ్లు ఆ మాట పట్టుకుని "తాబేళ్లలో పాదరసం మీద ప్రాజెక్టు చేస్తానండీ" అంటూ వస్తారు. ఇది వాళ్లకోసం రాస్తున్నాను. మీరూ ఆ ఆలోచనలో ఉంటే ముందే ఒక మాట: తాబేలు జోలికి తర్వాత వెళ్దాం, ముందు దాని పళ్లెంలో ఏముందో చూడండి.

ఎందుకంటే తాబేలు ఒంట్లోకి పాదరసం ప్రధానంగా తిండితోనే చేరుతుంది. బొగ్గు మండించినప్పుడు, చిన్న గనుల్లో పాదరసంతో బంగారం తీసినప్పుడు అది గాల్లో కలుస్తుంది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2015లో మనుషుల పనుల వల్ల గాలిలోకి చేరిన పాదరసం సుమారు 2,220 టన్నులు. అందులో దాదాపు 38 శాతం చిన్న బంగారు గనులదే. గాల్లోది వానతో నేలకీ సముద్రానికీ దిగుతుంది. ప్రాణవాయువు అందని బురదలో కొన్ని రకాల బాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. ఈ రూపం మాంసకృత్తులకు అతుక్కుని ఒంట్లోంచి త్వరగా పోదు. నాచు నుంచి చిన్న రొయ్యకి, రొయ్య నుంచి పీతకి, పీత నుంచి దాన్ని తిన్నదానికి, మెట్టు ఎక్కినకొద్దీ చిక్కబడుతుంది. ఒకే నీళ్లలో బతికే రెండు తాబేళ్లలో ఒకటి గడ్డి మేసేదీ, ఇంకొకటి పీతలు నమిలేదీ అయితే రెండింటి లెక్క ఒకటి కాదు. ఏం తిన్నదో రాసుకోకుండా పాదరసం అంకె ఒక్కటే తెచ్చి చూపిస్తే దానితో ఎవరూ ఏమీ చెప్పలేరు.

1. ఏ తాబేలో గుర్తుపట్టడం నేర్చుకోండి

ప్రపంచంలో సముద్ర తాబేళ్లు ఏడు రకాలు. మన దేశపు నీళ్లలో ఐదు కనిపిస్తాయి. డిప్ప మీద నడుమ వరసకి అటూ ఇటూ ఉండే పలకలు లెక్కపెడితే చాలావరకు తేలిపోతుంది. పక్కకి నాలుగేసి ఉంటే గ్రీన్ తాబేలో హాక్స్‌బిల్లో. హాక్స్‌బిల్ పలకలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి, మూతి చిలక ముక్కులా ఉంటుంది. ఐదేసి ఉండి తల పెద్దగా ఉంటే లాగర్‌హెడ్. ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఆలివ్ రిడ్లే. దీనికి ఎడమవైపు ఆరు, కుడివైపు ఏడు ఉన్నా కంగారు పడకండి, రిడ్లేలో అది మామూలే. పలకలే లేకుండా తోలు కప్పుకుని నిలువు గట్లతో ఉంటే లెదర్‌బ్యాక్.

తిండి కూడా దీన్నిబట్టే మారుతుంది. పెద్ద గ్రీన్ తాబేళ్లు సముద్రగడ్డి, నాచు మేస్తాయి (పిల్లలుగా ఉన్నప్పుడు మాత్రం దొరికిందల్లా తింటాయి). హాక్స్‌బిల్‌కి స్పంజికలు, లెదర్‌బ్యాక్‌కి జెల్లీఫిష్ ఇష్టం. లాగర్‌హెడ్ దవడలతో పీతల్నీ శంఖాల్నీ పిండి చేస్తుంది. మన తీరంలో ఎక్కువగా కనిపించే రిడ్లే కాస్త అన్నీ తినే రకం. పీతలు, రొయ్యలు, గుల్లలు, జెల్లీఫిష్, అప్పుడప్పుడు చేపలు, ఎంతోకొంత నాచు, ఏదీ వదలదు. అందుకే దీని లెక్క కష్టం, నాకైతే అందుకే ఇష్టం కూడా.

2. అనుమతి లేకుండా ముట్టుకోకండి

సముద్ర తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చచ్చిన తాబేలు కూడా ప్రభుత్వ ఆస్తే. "ఎలాగూ కుళ్లిపోతుంది కదా, చిన్న ముక్క తీసుకుంటే ఏమవుతుంది" అనుకుంటే కేసు అవుతుంది. పరిశోధన కోసం చట్టంలోని 12వ సెక్షన్ కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. మొదటి షెడ్యూల్ జంతువు కాబట్టి కేంద్రం ముందస్తు అనుమతి కూడా ఉండాలి. నమూనా విదేశీ ల్యాబ్‌కి పంపాలంటే సైటీస్ (అంతరించిపోయే జీవుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఉన్న ఒప్పందం) కాగితాలు వేరే.

దీనికి నెలలు పడుతుంది. నాలుగు నెలల ఎంఎస్సీ ప్రాజెక్టుకి ఇది కుదిరే పని కాదు. మీ ముందు రెండు దార్లున్నాయి: ఇప్పటికే అనుమతి ఉన్న శాస్త్రవేత్త కింద చేరడం, లేదా తాబేలుని వదిలేసి దాని తిండి మీద మాత్రమే పని చేయడం. రెండోదాన్ని తక్కువగా చూడకండి. పీతలకీ రొయ్యలకీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, హార్బర్‌లో డబ్బులిస్తే వస్తాయి. పైగా ఆ పని చేసేవాళ్లు తక్కువ.

3. తాబేలు భోజనం కొనుక్కురండి

ముందు జాలర్లతో కూర్చోండి. వలలో తాబేలు పడితే కూర్మావతారమని దండం పెట్టి వదిలేసేవాళ్లు ఉత్తరాంధ్రలో చాలామంది ఉన్నారు. శ్రీకూర్మం క్షేత్రం ఉన్న నేల కదా. తాబేళ్లు ఏ నెలలో ఎంత లోతులో కనిపిస్తాయి, వాటితోపాటు వలలో ఏం పడతాయి అని అడిగి రాసుకోండి. తాబేలు పడినచోట వలలోకి వచ్చిన మిగతావన్నీ దాని భోజనం జాబితాకి మొదటి చిత్తుప్రతి.

తర్వాత హార్బర్‌కి వెళ్లండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, మీకు దగ్గరగా ఏదుంటే అది. తెల్లవారుజామునే వెళ్లాలి. మంచి సరుకు వేలానికి పోయాక కోళ్ల దాణాకీ చేపల దాణాకీ పోయే కలగలుపు కుప్ప ఒకటి మిగులుతుంది. మీకు కావాల్సింది ఆ కుప్పే. చిన్న పీతలు, వీపు మీద మూడు ఎర్ర మచ్చలున్న పీతలు, నత్తగుల్లలు, చిన్న స్క్విడ్లు అందులోనే ఉంటాయి. నేను మొదటిసారి ఆ కుప్పలో ఏరుకుంటుంటే చేపలమ్మే ఆవిడ జాలిపడి, "ఇవేం కూర వస్తాయి బాబూ, ఇదిగో ఈ రొయ్యలు పట్టుకెళ్లు" అని గుప్పెడు చేతిలో పోసింది. "తినడానికి కాదక్కా, చదువుకి" అంటే నమ్మలేదు. జెల్లీఫిష్ మాత్రం ఒడ్డుకి రాదు, పడవ మీదే విసిరేస్తారు. పడవ ఎక్కే కుర్రాడికి ఒక డబ్బా ఇచ్చి ముందే చెప్పిపెట్టుకోండి.

తేదీలు చూసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. మార్చిలోపు నమూనాలు పోగు చేయకపోతే వేసవి అంతా ఖాళీగా కూర్చోవాలి.

ఒక్కో రకానికి కనీసం పది, వీలైతే పదిహేను తీసుకోండి. అన్నీ ఒకే సైజువి వద్దు. పెద్ద పీత ఎక్కువ కాలం బతికింది, ఎక్కువ తిన్నది, పాదరసం కూడా ఎక్కువ ఉండొచ్చు. ప్రతిదానికీ పొడవు (పీతకైతే డిప్ప వెడల్పు), తడి బరువు, తేదీ, ఏ హార్బరు, జాలరి చెప్పిన లోతు రాయండి.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు చెబుతాను. పీత తెచ్చి, కాలు విరిచి, తెల్లటి కండ మాత్రం తీసి పరీక్షకి పంపుతారు. అది మనిషి తినే పద్ధతి. తాబేలు పీతని ఒలుచుకుని తినదు, డిప్ప, పేగులు, కొవ్వు అన్నీ కలిపి మింగేస్తుంది. కండలో ఒక అంకె వస్తుంది, మొత్తం పీతని నూరితే వేరే అంకె వస్తుంది. తాబేలు తిండి గురించి రాస్తున్నారు కాబట్టి మొత్తం పీతనే నూరండి. మనుషుల సంగతి కూడా చూడాలనుకుంటే కొన్నిటిలో కండ విడిగా తీసి రెండూ పోల్చండి. నూరడానికి ఒక మిక్సీ జార్ దీనికోసమే కొనండి. మళ్లీ దాన్ని వంటింట్లోకి పంపొద్దు.

4. అనుమతి ఉంటే, తాబేలు దగ్గర

అటవీ సిబ్బంది లేకుండా శవం దగ్గర పని మొదలుపెట్టొద్దు. గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి.

ముందు ఫొటోలు తీయండి: పైనుంచి, పక్కనుంచి, తల, గాయాలు. తర్వాత టైలర్ల టేపుతో డిప్ప ఒంపు మీదుగా, మెడ వెనక అంచు నుంచి తోక వైపు చివరి దాకా కొలవండి. తోక డిప్ప దాటి పొడుగ్గా, లావుగా ఉంటే మగది. శవం ఎంత పాతదో కూడా రాయాలి: తాజా, కొంచెం ఉబ్బింది, బాగా కుళ్లింది, ఎండిపోయింది. దీన్నిబట్టే ఏం తీయొచ్చో తెలుస్తుంది. కాలేయం, కండ తాజా శవం నుంచే పనికొస్తాయి. డిప్ప పలకలు మాత్రం శవం పాతబడ్డా ఉపయోగపడతాయి.

పలకల గురించి కాస్త ఆగి చెప్పాలి. అవి మన గోళ్లలాంటి కెరటిన్. అందులో గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, మిథైల్ పాదరసానికి గంధకం అంటే ప్రాణం. అందుకే పలకలో పాదరసం రక్తంలోకన్నా చాలా ఎక్కువ పేరుకుంటుంది, పైగా అక్కడే ఉండిపోతుంది. రక్తం చూస్తే ఈమధ్య తిన్నది తెలుస్తుంది, పలక చూస్తే నెలల నుంచి ఏళ్ల వరకు తిన్నది తెలుస్తుంది. అమెరికాలో లాగర్‌హెడ్ల మీద జరిగిన పని ఈ పద్ధతికి బాట వేసింది. బతికున్న తాబేలుకి హాని లేకుండా పలక అంచు గీకి తీసుకుంటే చాలని అప్పుడే తేలింది.

తీసే పద్ధతి తేలికే. ప్రతి తాబేలుకీ ఒకే చోట, వెనక అంచు పలకల మీద తీయండి. ముందు నాచు, బార్నకిల్స్ (డిప్పకి అతుక్కుని పెరిగే చిన్న గుల్లజీవులు) బ్రష్‌తో తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో తుడవండి. ఈ శుభ్రం సరిగా చేయకపోతే మీరు కొలిచేది తాబేలుని కాదు, దాని మీద పెరిగిన నాచుని. తర్వాత కొత్త బ్లేడుతో పైపొర పెచ్చులు 200 మిల్లీగ్రాముల దాకా గీకి చిన్న డబ్బాలో వేయండి. తాబేలు మారితే బ్లేడు మార్చాలి.

పొట్ట కోసే అవకాశం ఉంటే అన్నవాహిక, జీర్ణాశయం, పేగు మూడూ విడివిడిగా ముడివేసి తీయండి. అన్నవాహిక లోపల వెనక్కి తిరిగిన ముళ్లు కనిపిస్తాయి. మింగింది బయటికి రాకుండా ఆపడానికి అవి. మొదటిసారి చూసినవాళ్లు ఏదో జబ్బు అనుకుంటారు. లోపలిది సన్నటి జల్లెడలో పోసి నీళ్లతో కడగండి. పీత కొండీలు, నత్త మూతలు, స్క్విడ్ ముక్కులు, చేప చెవిరాళ్లు, ప్లాస్టిక్ ముక్కలు విడివిడిగా ఏరి, లెక్కపెట్టి, తూకం వేయండి. గట్టివి మిగులుతాయి, మెత్తనివి కరిగిపోతాయి. జెల్లీఫిష్ కనపడలేదంటే తినలేదని అర్థం కాదు. గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడవాటి పొట్ట దాదాపు ఖాళీగా ఉండటం కూడా అరుదు కాదు. ఆ రోజు "ఖాళీ" అని రాయండి, తాబేలుని జాబితాలోంచి తీసేయకండి.

5. దాచడం, ఎండబెట్టడం

ఫార్మలిన్‌లో వేయకండి. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్ చాలు. పాదరసం వేడికి ఆవిరవుతుంది కాబట్టి ఎక్కువ వేడి ఓవెన్‌లో ఎండబెట్టొద్దు. ఫ్రీజ్ డ్రయ్యర్ (గడ్డకట్టించి నీరు తీసేసే యంత్రం) దొరికితే మేలు, లేకపోతే 40, 50 డిగ్రీల మధ్య బరువు తగ్గడం ఆగేదాకా. ఎండబెట్టక ముందు, తర్వాత తూకం వేయడం మరిచిపోవద్దు. ఎందుకో ఏడో అంచెలో చెబుతాను.

లేబుల్ పెన్సిల్‌తో రాసి డబ్బా లోపల కూడా ఒకటి వేయండి. నేను మొదటి ఏడాది మార్కర్‌తో రాశాను. ఆల్కహాల్ సీసా ఒకటి ఒలికింది. ఇరవై మూడు డబ్బాలు, ఒక్కదాని మీద కూడా అక్షరం లేదు. నెల రోజుల పని మొత్తం చెత్తబుట్టలోకి పోయింది.

6. ల్యాబ్

సొంత ల్యాబ్‌లో పాదరసం కొలిచే యంత్రం ఉన్న కాలేజీలు తక్కువ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంతోపాటు జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థల కేంద్రాలున్నాయి. మీ గైడ్ చేత ముందే ఉత్తరం రాయించి, యంత్రం ఉందా, బయటివాళ్ల నమూనాలు తీసుకుంటారా, నమూనాకి ఎంత అని అడగండి. నమూనాలు పోగు చేశాక అడిగితే టెన్షన్ తప్పదు.

డైరెక్ట్ మెర్క్యురీ అనలైజర్ దొరికితే పని సులువు. పొడిని యాసిడ్‌లో కరిగించక్కర్లేదు. యంత్రం దాన్ని కాల్చి, వచ్చిన పాదరసం ఆవిరిని బంగారం మీద పట్టి, మళ్లీ వేడిచేసి వదిలి, 253.7 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో చూసి లెక్క చెబుతుంది. మీరు అడగాల్సినవి మూడే: ప్రతి పది నమూనాలకి నమూనా ఏదీ వేయకుండా ఒక ఖాళీ పరీక్ష, ఒక నమూనా రెండుసార్లు, పాదరసం ఎంతో ముందే తెలిసిన ప్రామాణిక నమూనా ఒకటి. ఆ ప్రామాణిక నమూనాలో ఉండాల్సిన దానిలో 90 నుంచి 110 శాతం మధ్య రాకపోతే మిగతా అంకెల్ని నమ్మొద్దు. ఈ యంత్రం చెప్పేది మొత్తం పాదరసం. మిథైల్ రూపం ఎంతో విడిగా కొలవాలి, అది ఖరీదైన వ్యవహారం.

డబ్బుంటే అదే పలక పొడిలోంచి ఒక మిల్లీగ్రాము నైట్రోజన్, కార్బన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) పరీక్షకి పంపండి. నైట్రోజన్-15 ఆహారపు మెట్టు ఒకటి ఎక్కినప్పుడల్లా వెయ్యికి సుమారు 3 నుంచి 4 వంతులు పెరుగుతుంది. పొట్టలో కనపడేది నిన్నటి భోజనం, ఇది నెలల తరబడి తిన్నదాని సగటు. కార్బన్-13ని బట్టి తీరం దగ్గర మేసిందా, లోతు సముద్రంలోనా అన్నది కొంత తెలుస్తుంది.

7. అంకెలు చదవడం

ముందు యూనిట్లు. ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు), కిలోకి ఒక మిల్లీగ్రాము, గ్రాముకు వెయ్యి నానోగ్రాములు, మూడూ ఒకటే. గొడవంతా తడి బరువు, పొడి బరువు దగ్గర వస్తుంది. ఒక రొయ్యలో తడి గ్రాముకు 20 నానోగ్రాములు ఉందనుకుందాం. అందులో 80 శాతం నీళ్లయితే పొడి గ్రాముకు అదే 100 అవుతుంది. జెల్లీఫిష్‌లో 95 శాతం నీళ్లే కాబట్టి తడి అంకె పొడికి మారిస్తే ఇరవై రెట్లు అవుతుంది. ఒకరి తడి అంకెని ఇంకొకరి పొడి అంకెతో పోల్చి "మన తీరంలో ఐదు రెట్లు ఎక్కువ" అని రాసినవాళ్లని చూశాను. ఐదో అంచెలో రెండు తూకాలు వేయమన్నది అందుకే.

పలక అంకెని పీత అంకెతో భాగించి "ఇన్ని రెట్లు పెరిగింది" అనొద్దు. పలక తాబేలు మొత్తం కాదు, పాదరసం చేరే గోడౌన్. తాబేలుని తాబేలుతో, పీతని పీతతో పోల్చండి. గ్రాఫ్‌లో ఒకవైపు పాదరసం, ఇంకోవైపు డిప్ప పొడవు పెట్టి చూడండి. ఐసోటోపు ఉంటే దానితో మరొకటి. పెద్దవాటిలో ఎక్కువ ఉంటే అది వయసు వల్లా, తిండి మారడం వల్లా అన్నది రెండో గ్రాఫ్‌లో కొంత తేలుతుంది.

నైట్రోజన్-15 ఇంకో మోసం చేస్తుంది. మురుగునీరు కలిసేచోట నాచు దగ్గర నుంచే అది ఎక్కువగా ఉంటుంది. హార్బర్ దగ్గర మేసిన తాబేలు పై మెట్టు వేటగాడిలా కనిపించొచ్చు, నిజానికి తిన్నది నత్తలే అయినా. అందుకే అదే చోటి ఆలిచిప్పో నత్తో తీసుకుని అక్కడి పునాది అంకె ఎంతో చూడాలి. మీరు హార్బర్‌లో కొన్నవి ఇక్కడ మళ్లీ అక్కరకొస్తాయి.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు చోటుది. భీమిలి ఒడ్డున దొరికిన తాబేలు భీమిలి తాబేలు కాదు. 2021లో ఒడిశాలో ట్యాగ్ వేసిన ఒక రిడ్లే 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ దొరికింది. ఒడిశా నుంచి శ్రీలంక వైపు వెళ్లేవాటిని ఉపగ్రహ ట్యాగులు ఎప్పుడో పట్టించాయి. దాని పలకలో ఉన్న పాదరసం ఏ నీళ్లలో తిన్న పీతదో ఎవరు చెప్పగలరు? దగ్గర్లో బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది కదా అని వేలు చూపించకండి. మీ చేతిలో ఉన్న ఒక్క తాబేలు ఆ నేరాన్ని రుజువు చేయలేదు. ఎక్కడికీ పెద్దగా కదలని ఆలిచిప్ప, నత్త అయితే ఆ నీళ్ల గురించి నిజం చెబుతాయి.

చావు గురించి కూడా జాగ్రత్త. ఒడ్డుకొచ్చే రిడ్లేల్లో ఎక్కువ భాగం మరపడవలు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలల్లో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక మునిగి చచ్చినవే. పాదరసం ఎక్కువుందని తేలినా, "పాదరసం వల్ల చనిపోయింది" అని రాయొద్దు. ఎంత ఉందో రాయండి, అంతే.

ఇక ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న: "మరి మనం పీతలు తినొచ్చా?" కండ విడిగా కొలిచి ఉంటే లెక్క కట్టి చూపించండి. మిథైల్ పాదరసానికి అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన వారపు హద్దు, శరీరం బరువు కిలోకి 1.6 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి వారానికి 96. మీ పీత కండలో తడి గ్రాముకు 50 నానోగ్రాములు వచ్చిందనుకుంటే, 200 గ్రాముల కూరలో 10 మైక్రోగ్రాములు, అదీ మొత్తం పాదరసం అంతా మిథైలే అనుకున్నా. గర్భిణులకి, చిన్నపిల్లలకి మాత్రం సొరచేపలాంటి పెద్ద వేట చేపలు తగ్గించమనే చెప్పండి.

రిపోర్టులో తాబేలు వారీగా, పీత వారీగా ముడి అంకెల పట్టిక మొత్తం చివర్లో పెట్టండి, సగటు మాత్రమే కాదు. ఒక కాపీ అటవీ శాఖకి ఇవ్వండి, అనుమతి షరతుల్లో అది ఉండే ఉంటుంది. మిగిలిన పొడి పారేయకండి. గాలి చొరని డబ్బాలో, పెన్సిల్ లేబుల్‌తో ఫ్రీజర్‌లో ఉంచండి. పాదరసం విషాన్ని సెలీనియం కొంత అడ్డుకుంటుంది కాబట్టి, మీ తర్వాత వచ్చే విద్యార్థి ఆ పొడిలోనే సెలీనియం కొలవాలని అడగొచ్చు.